కొలువులో నుండియే పట్టభద్రత: నర్సులకు ఉన్నత విద్య

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



వార్షికోత్సవ సభలలో పిల్లలను వైద్యులు కండనియు, ఇంజనీర్లు కండనియు ఆశీర్వదించుట పరిపాటి. ఆ ఆశీస్సులకు నేను అడ్డు చెప్పను. కాని నాకు తెలిసిన వృత్తి నర్సు వృత్తి. చాలకాలము వార్డులలో పనిచేసి, పిదప నర్సులకు పాఠములు చెప్పినదానను. కనుక ఆ వృత్తిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను. ఆడపిల్ల నర్సు శిక్షణ ముగించి, రిజిస్టరులో పేరు చేర్చుకొని, ఆసుపత్రిలో కొలువు సంపాదించినంతనే, “ఇక చదువు పూర్తియైనది” అని మనలో పెక్కుమంది తలంతురు. ఆ తలంపు సరికాదని చెప్పుటయే నా ఉద్దేశము. కొలువు మానకుండ ఆమె పట్టభద్రురాలు కాగల మార్గమొకటి మన దేశమున ఉన్నది. అయితే ఆ మార్గమున ఆమె నడచుట చాలవరకు ఇంటివారి చేతిలో ఉన్నది.

మనము స్థిరపడిన ఈ తమిళనాడునకు నర్సు వృత్తి చరిత్రలో గొప్ప స్థానము కలదు. చెన్నపట్టణపు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నర్సుల శిక్షణ మొదలయ్యెను. వేలూరులో ఐడా స్కడర్ అను వైద్యురాలు 1909లో నర్సు పాఠశాల నెలకొల్పిరి. 1926లో ఆనాటి మద్రాసు రాష్ట్రమున నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చి, శిక్షణ పొందినవారి పేర్లు నమోదు చేయు పద్ధతి ఏర్పడెను. 1946లో వేలూరులోను ఢిల్లీలోను నర్సింగు విద్యకు బి.యస్సీ. పట్టము ఏర్పడెను. దేశ ఆరోగ్యస్థితిని విచారించిన భోర్ సంఘము ఆ యేడే నివేదిక సమర్పించి, నాడు సుమారు 43 వేల మంది ప్రజలకు ఒక్క నర్సు మాత్రమే యున్నదని లెక్క చెప్పెను. మరుసటి యేడు, 1947లో, ఇండియన్ నర్సింగ్ కౌన్సిలునకు చట్టము చేయబడెను. దేశమంతటను నర్సుల చదువునకు ఒకే కొలబద్ద ఉండవలెనను తలంపు నుండి పుట్టిన సంస్థ యిది.

ఇప్పుడు మన పిల్లల ముందున్న మెట్లను చూతము. మొదటిది ఏ.ఎన్.ఎం. శిక్షణ. ఇది రెండేండ్లది. గ్రామములలో తల్లీబిడ్డల సంరక్షణకు ఉద్దేశింపబడినది. రెండవది జి.ఎన్.ఎం. అను మూడేండ్ల డిప్లొమా. మూడవది నాలుగేండ్ల బి.యస్సీ. నర్సింగు. బి.యస్సీ.కి పోవలెనన్న ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రములును ఇంగ్లీషును చదివి యుండవలెను. డిప్లొమాకు ఇతర గ్రూపులలో చదివినవారును పోవచ్చును. కనుక పదవ తరగతి ముగిసిన వేళ, ఏ గ్రూపైన నేమి యని తొందరపడి చేర్చిన తల్లిదండ్రుల పిల్లలకు తరువాత డిప్లొమా మార్గమే మిగులుచున్నది. మరికొన్ని ఇండ్లలో నాలుగేండ్ల కళాశాల ఖర్చును భరింపజాలక, త్వరగా జీతము చేతికి వచ్చునని డిప్లొమాను ఎన్నుకొనుచున్నారు. ఇందులో తప్పేమియు లేదు. డిప్లొమా పొందిన నర్సు తక్కువదని నేను అనను. మన ఆసుపత్రులలో రాత్రింబవళ్ళు రోగులను కనిపెట్టుకొని యుండువారిలో డిప్లొమా నర్సులు అసంఖ్యాకులు. నా మాట యంతయు ఆ మెట్టు మీదనే ఆగిపోవలసిన పని లేదనుటయే.

పై మెట్టు ఎక్కినందువలన లాభమేమని మీరు అడుగవచ్చును. మొదట రోగికి కలుగు లాభము చెప్పెదను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన రోగుల వివరములను లిండా ఐకెన్ అను నర్సింగు ఆచార్యురాలును ఆమె సహచరులును పరిశోధించి, 2003లో ఫలితములను ప్రకటించిరి. ఆసుపత్రి నర్సులలో పట్టభద్రుల పాలు నూటికి పది హెచ్చిన చోట, 30 దినములలో రోగులు మరణించు సంభావ్యత నూటికి అయిదు తగ్గియున్నట్లు వారు కనుగొనిరి. ఈ రెండింటికి గల సంబంధమునే ఆ లెక్క చూపుచున్నది. పట్టము ఒక్కటే ప్రాణములను కాపాడునని దానికి అర్థము కాదు. అయినను వార్డులో పనిచేసినవారికి దీని భావము తెలియును. శస్త్రచికిత్స జరిగిన రోగి నాడి కొంచెము వేగమైనది. మూత్రము తగ్గినది. మాట తడబడుచున్నది. ఇవి వేర్వేరుగా చూచిన చిన్న విషయములు. మూడింటిని కలిపి చూచి, ఇది లోపలి రక్తస్రావమునకో, విషజ్వరమునకో సూచన యని గ్రహించి, తక్షణము వైద్యుని పిలిపించు నర్సు ఒక ప్రాణమును నిలుపును. ఆ గ్రహింపు అనుభవమువలన వచ్చును. అనుభవమునకు శాస్త్రము తోడైనపుడు అది శీఘ్రముగ వచ్చును.

ఇక నర్సునకు కలుగు లాభము. పట్టము పొందినవారు నర్సింగు పాఠశాలలలో బోధకులుగా పనిచేయుటకు అర్హులగుదురు. ఎం.యస్సీ. చదువునకు త్రోవ తెరచుకొనును. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలలో నర్సింగు ఆఫీసరు పదవులకు 2020 నుండి ఉమ్మడి పరీక్ష జరుపుచున్నారు. దానికి డిప్లొమావారు 50 పడకలకు తక్కువ కాని ఆసుపత్రిలో రెండేండ్ల అనుభవము చూపవలసి యున్నది. పట్టభద్రులకు ఆ షరతు లేదు. విదేశముల సంగతియు అట్లే యున్నది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 2017లో చట్టము చేసి, ఇకమీదట కొత్తగా రిజిస్టరగు నర్సులు పదేండ్ల లోపల పట్టము పొందవలెనని విధించెను. ఆ దేశమున కొలువులోనున్న నర్సులు కంప్యూటరు ముందు కూర్చుండి పట్టము చదువు ఏర్పాటులు విరివిగా వెలసినవి.

మన దేశమున అట్టి యేర్పాటు లేదా? ఉన్నది. దాని వెనుక మన తెలుగువారు గర్వింపదగిన చరిత్రయు ఉన్నది. కళాశాల గోడల వెలుపల ఉండి చదువుకొనువారి కొరకు భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున స్థాపింపబడెను. అది నేడు డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు పేర వెలయుచున్నది. దానికి తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని తొలి ఉపాధ్యక్షులు వారే. కూలిపని చేయువారికి, గృహిణులకు, ఉద్యోగులకు పట్టభద్రత అందవలెనను ఆశయమునకు రూపు దిద్దినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఇగ్నో యని మనము పిలుచు ఆ జాతీయ విశ్వవిద్యాలయమే నర్సింగు కౌన్సిలు సహకారముతో, కొలువులోనున్న నర్సుల కొరకు పోస్టు బేసికు బి.యస్సీ. నర్సింగు అను పట్టమును నెలకొల్పెను.

దాని నియమములను క్లుప్తముగ చెప్పెదను. ప్లస్ టూ పిదప మూడేండ్ల డిప్లొమా చదివి, నర్సుగాను మంత్రసానిగాను రిజిస్టరై, కనీసము రెండేండ్లు పనిచేసినవారు అర్హులు. పదవ తరగతి మీద డిప్లొమా చదివిన పాతవారికైన అయిదేండ్ల అనుభవము కావలెను. ప్రవేశ పరీక్ష ఉండును. స్థానములు పరిమితము. కనీస కాలము మూడేండ్లు. బోధనా భాష ఇంగ్లీషు. శరీర ధర్మములకు సంబంధించిన శాస్త్రములు, మానసిక శాస్త్రము, ప్రసూతి సేవ, శిశు సేవ, శస్త్రచికిత్సా సేవ, మానసిక రోగుల సేవ, సమాజ ఆరోగ్యము, వార్డు పరిపాలనము, పరిశోధనా పద్ధతులు మొదలగునవి చదువవలసి యుండును. ఇదే పట్టమును కళాశాలలో చేరి రెండేండ్లలో పొందు మార్గమును ఉన్నది. జీతముతో చదువు సెలవు దొరకు ప్రభుత్వ నర్సులు ఆ మార్గమునకే పోవుట మేలు. సెలవు దొరకని వారికి, ఇంటి ఖర్చులకు తమ జీతమే ఆధారమైన వారికి సార్వత్రిక మార్గము వరము వంటిది.

ఇచట ఒక విషయము గట్టిగా చెప్పవలసి యున్నది. దూరవిద్య యనగానే ఇంటియొద్ద కూర్చుండి, సెల్‌ఫోనులో పాఠములు విని, పట్టము తెచ్చుకొనవచ్చునని కొందరు భ్రమపడుచున్నారు. పుస్తకపాఠములు అంతర్జాలమున దొరకును. ఇగ్నోవారి ఈ-జ్ఞానకోశమున పాఠ్యభాగములను ఎవరైనను ఉచితముగ చదువవచ్చును. కాని తెర మీద నాడి చూడలేము. ప్రసవవేదన పడుచున్న తల్లి చేయి పట్టుకొనలేము. అందుచేత ఈ చదువులో నిర్ణయించిన కేంద్రమునకు పోయి సంప్రదింపు తరగతులు వినవలెను. ఆసుపత్రిలో గురువుల యెదుట ప్రయోగాత్మక శిక్షణ పొందవలెను. ఇది తప్పనిసరి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2020లో చేసిన నిబంధనలు నర్సింగును దూరవిద్యగా గాని, కేవలము అంతర్జాలము ద్వారా గాని నడుపరాని విద్యల పట్టికలో చేర్చినవి. నర్సింగు కౌన్సిలు మాత్రము కొలువులోనున్న రిజిస్టరు నర్సుల కొరకు ఇగ్నోవారి మూడేండ్ల చదువును ప్రత్యేకముగ అంగీకరించినది. కావున “హాజరు అక్కరలేదు, పరీక్ష మేము చూచుకొందుము, డబ్బు కట్టిన పట్టము ఇంటికి వచ్చును” అని చెప్పు దళారి మాట నమ్మిన యెడల డబ్బుతోపాటు పిల్ల భవిష్యత్తును పోగొట్టుకొందురు.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. ఈ చదువునకు కావలసిన ముఖ్యద్రవ్యము ధనము కాదు, కాలము. సార్వత్రిక విశ్వవిద్యాలయము చదువును క్రెడిట్లతో కొలుచును. ఒక క్రెడిటు అనగా 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల విషయమునకు 120 గంటలు కావలెను. నర్సు దినమునకు ఒక్క గంట చదివినచో ఒక విషయము ముగియుటకు నాలుగు మాసములు పట్టును. రెండు గంటలు చదివినచో రెండు మాసములు చాలును. ఆ రెండవ గంట ఎచ్చటనుండి వచ్చును? ఆసుపత్రివారు ఇయ్యరు. రాత్రి డ్యూటీ ముగించి ఉదయము ఇల్లు చేరిన నర్సునకు నిద్ర కావలెను. నిద్ర చాలని నర్సు చేతిలో మందుల సీసా ప్రమాదకరము. కనుక నిద్రను తగ్గించి చదువుమని నేను చెప్పను. మిగిలినది ఇల్లు. వంటలో, పిల్లల పెంపకములో, బట్టలుతుకుటలో ఇంటివారు పంచుకొన్న గంటయే ఆమెకు దక్కు రెండవ గంట. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత ఇచట అక్షరాల వర్తించును.

నా విద్యార్థినులలో ఇరువురి సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇరువురును తెలివిగలవారే. ఇరువురును ఒకే యేడు ప్రవేశ పరీక్ష గెలిచిరి. ఇరువురికిని చంటిపిల్లలు ఉండిరి. మొదటి యామె అత్తగారు చదువు రానిది. కాని ప్రయోగ శిక్షణ వారములలో మనుమరాలిని తన యొద్ద ఉంచుకొని, “నీవు పోయి రమ్మా, పాప సంగతి నేను చూచుకొందును” అని పంపెడిది. రెండవ యామె ఇంట అట్టి మాట చెప్పువారు లేకపోయిరి. ఆమె మొదటి సంవత్సరము ఉత్తీర్ణురాలై, రెండవ యేట హాజరు చాలక ఆగిపోయినది. మొదటి యామె నేడు నర్సింగు పాఠశాలలో బోధకురాలు. రెండవ యామె నేటికిని మంచి నర్సే. అయినను ఆమె క్రింద పనిచేయవలసిన పిల్లలు నేడు ఆమెకు పై యధికారులైరి. ఆ ఇరువురి భేదము బుద్ధిలో లేదు. ఇంటిలో ఉన్నది.

అందుచేత ఆడపిల్లల తల్లిదండ్రులకు నా మనవి. పెండ్లి మాటలు నడచునపుడు కట్నకానుకల గూర్చి చర్చించుటకు ముందు, పిల్ల చదువు కొనసాగునా యను సంగతి తేల్చుకొనుడు. మగపిల్లల తల్లిదండ్రులకు ఇంకను గట్టిగా మనవి చేయుచున్నాను. నర్సు కోడలిని కోరుకొనునపుడు ఆమె జీతమును మాత్రమే లెక్కింపకుడు. ఆమెకు మూడేండ్లపాటు దినమునకు ఒక గంట ఇయ్యగలమా యని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. మీ కుమారునికి అన్నము వండుట, బిడ్డకు పాలు పట్టుట నేర్పుటయు ఈ పాఠశాల చదువులో భాగమే యని భావింపుడు.

భాష సంగతి మన సంఘమునకు ముఖ్యమైనది కనుక దానిని విడువను. “తెలుగు బడిలో చదివిన పిల్ల ఇంగ్లీషులో నర్సింగు పట్టము చదువగలదా?” యని కొందరు సందేహింతురు. చదువగలదు. మాతృభాషలో వాక్యము చక్కగా వ్రాయ నేర్చిన పిల్లకు మరొక భాష వాక్యము పట్టుబడుట తేలిక. అయితే అది తనంత తాను రాదు. ఎనిమిదవ తరగతి నుండియే జీవశాస్త్ర పాఠమును తెలుగులో గ్రహించిన పిదప, అదే విషయమును ఇంగ్లీషు పుస్తకమున ఒకమారు చదువు అలవాటు చేయవలెను. మరి తెలుగు దేనికని మీరు అడిగినచో, వార్డులో ఒక రాత్రి గడిపిన తెలియును. ఎన్ని భాషలు వచ్చినవారైనను బాధలో తల్లిభాషలోనే మూలుగుదురు. ముసలి రోగి “ఆయాసముగా ఉన్నదమ్మా” అనుటకును, “గుండెలో మంటగా ఉన్నది” అనుటకును గల తేడాను విని తెలిసికొని, వైద్యునికి తమిళములోనో ఇంగ్లీషులోనో చెప్పగల నర్సు ఆ రోగికి దేవత వంటిది. మన పిల్లలకు తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును వచ్చును. నర్సు వృత్తిలో ఇంతకు మించిన పెట్టుబడి లేదు.

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను.

1. పదవ తరగతి ముగిసిన పిదప నర్సు వృత్తి మీద ఇష్టమున్న పిల్లను భౌతిక, రసాయన, జీవ శాస్త్రముల గ్రూపులో చేర్పుడు. వీలున్నచో నేరుగా నాలుగేండ్ల పట్టమునకు పంపుడు.

2. డిప్లొమాలో చేర్చునపుడు ఆ పాఠశాలకు రాష్ట్ర నర్సింగు కౌన్సిలు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు అంగీకారము గలదో లేదో ముందుగా విచారింపుడు. గోడ మీది ప్రకటనను నమ్మకుడు.

3. కొలువు దొరకిన నాటి నుండి అనుభవ ధ్రువపత్రమును, జీతపు రసీదులను పదిలపరుపుడు. రెండేండ్ల అనుభవమును ఋజువు చేయునవి అవియే.

4. రిజిస్ట్రేషను గడువు తీరకుండ చూచుకొనవలెను. వేరు రాష్ట్రమునకు పోయి పనిచేయువారు అచటి కౌన్సిలులో పేరు చేర్చుకొనవలెను.

5. మూల ధ్రువపత్రములను ఏ యజమానికిని, ఏ దళారికిని అప్పగింపరాదు. నకళ్ళు మాత్రమే ఇయ్యవలెను.

6. చదువునకు చేరుటకు ముందే ఆసుపత్రి అధికారులతో మాటలాడి, ప్రయోగ శిక్షణ దినములకు డ్యూటీ మార్పు గాని సెలవు గాని వ్రాతపూర్వకముగ పొందవలెను.

7. రుసుము, ప్రవేశ పరీక్ష తేదీ, కేంద్రముల పట్టిక యేటేట మారును. విశ్వవిద్యాలయము వెలువరించు వివరణ పుస్తకమునే ప్రమాణముగ గ్రహింపుడు.

8. పట్టము చేతికి వచ్చిన పిదప దానిని రాష్ట్ర కౌన్సిలులో అదనపు అర్హతగా నమోదు చేయింపవలెను. ఈ పని మరచినవారు పదవి వచ్చు వేళ చిక్కుపడుచున్నారు.

చివరకు మన సంఘపు పెద్దలకు ఒక విన్నపము. ఈ పాఠశాల పూర్వ విద్యార్థినులలో నర్సులైనవారు ఎచ్చటెచ్చట నున్నారో ఒక పట్టిక తయారు చేయింపుడు. ఏటికొకమారు వారిని పిలిచి, పై తరగతుల బాలికలతో మాటలాడింపుడు. పాఠశాల గ్రంథాలయమున నర్సింగు పాఠ్యపుస్తకముల కొరకు ఒక బీరువా కేటాయింపుడు. ఆదివారములందు బడిలోని కంప్యూటరు గదిని కొలువులోనున్న నర్సులకు రెండు గంటలు తెరచి యుంచుడు. ఇంటిలో ఏకాంతము దొరకని పిల్లకు ఆ రెండు గంటలు ఎంత విలువైనవో నేను ఎరుగుదును. వీనికి పెద్ద ధనము అక్కరలేదు. తాళపుచెవి తెచ్చు ఒక మనిషి చాలును.

రోగి ప్రక్కన నిలిచిన నర్సునకు చేతిలో నేర్పు, గుండెలో దయ, తలలో శాస్త్రము ఈ మూడును ఉండవలెను. మొదటిది శిక్షణ ఇచ్చును. రెండవది తల్లిదండ్రులు మీరు ఇచ్చినదే. మూడవదానిని పెంచుకొనుటకు ఆమెకు సమయమిచ్చుట మనందరి వంతు. మన బిడ్డలు ఆ మూడింటను పెంపొంది, తమకును మన భాషకును మంచి పేరు తెత్తురు గాకయని కోరుచున్నాను.